రిటైరయ్యాక నెల రోజులు వెచ్చని పరాయి ఊళ్ళో ఉంటే విసుగొస్తుందా? పెనాంగ్‌లో రెండుసార్లు ఉండి వచ్చిన అనుభవంతో నా జవాబు

మహబూబ్‌నగర్ నుంచి ఒక సార్ అడిగిన ప్రశ్న ఇది: "నాకు 61 ఏళ్ళు, మా ఆవిడకు 57. రిటైరై ఏడాది దాటింది. బాబు అమెరికాలో ఉన్నాడు, రెండుసార్లు పోయొచ్చాం. ఈసారి ఎవరింటికీ కాకుండా, టూర్ ప్యాకేజీ కూడా కాకుండా, వెచ్చగా ఉండే ఏదో ఒక విదేశీ ఊళ్ళో నెల రోజులు మామూలుగా ఉండి రావాలని ఉంది. పెన్షన్ డబ్బులతో అయ్యే పనేనా? రోజంతా ఏం చేస్తాం, విసుగు రాదా?"

అయ్యే పనే సార్, నిశ్చింతగా వెళ్ళండి. ఒకే ఊరు, ఒకే ఇల్లు పెట్టుకోండి. మూడు వారాలకు తగ్గకుండా ఉండండి. ఆ ఇంటి నుంచి కూరగాయల మార్కెట్‌కు మీ కాళ్ళతో మీరు పోగలగాలి. ఈ మూడు కుదిరితే మిగతావన్నీ సర్దుకుంటాయి. విసుగు మాత్రం వస్తుంది, రాదని చెప్పను. ఆరో రోజో ఏడో రోజో వస్తుంది, రెండు మూడు రోజులుండి పోతుంది. అది పోయాకే అసలు సంతోషం మొదలవుతుంది. ఈ సంగతి ముందే తెలియక చాలామంది వారానికే టికెట్ మార్చుకుని తిరిగొచ్చేస్తారు.

మాది నల్లగొండ. తెలుగు పండితుడిగా మర్రిగూడ, దేవరకొండ వైపు బడుల్లో పనిచేసి 2017లో రిటైరయ్యాను. నేనూ మా ఇంటావిడా 2024 జనవరిలో 29 రోజులు, 2025 జనవరి, ఫిబ్రవరి నెలల్లో కలిపి 28 రోజులు మలేషియాలోని పెనాంగ్ దీవిలో, జార్జ్‌టౌన్ ఊళ్ళో ఉన్నాం. అందుకే నేను చెప్పేదంతా ఆ ఊరి లెక్కనే చెప్తాను.

మొదట, వెచ్చని ఊరే ఎందుకు? మా తమ్ముడు కూడా ఇదే అడిగాడు, మన ఏప్రిల్, మే ఎండలు సరిపోలేదా, వేడి కోసం విమానం ఎక్కుతారా అని. వేడి కోసం కాదు. అమెరికాలో మా అమ్మాయి ఇంట్లో ఐదు నెలలున్నాం. పిల్లలు ఎంతో ప్రేమగా చూసుకున్నారు, ఆ విషయంలో ఏ లోటూ లేదు. కానీ పొద్దున లేస్తే కిటికీలోంచి మంచు చూడడం, సాయంత్రం వాళ్ళ కారు చప్పుడు కోసం వినడం, ఇంతే. కారు లేకపోతే పాల ప్యాకెట్ తెచ్చుకోలేం. నలభై ఏళ్ళు ఇల్లు నడిపినవాళ్ళం, ఉప్పు ప్యాకెట్ కోసం శనివారం దాకా ఆగాలంటే మనసుకు ఎక్కడో తగులుతుంది. పైగా మా మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పెరిగినవాళ్ళ నడుములూ మోకాళ్ళూ ఎట్లా ఉంటాయో మీకు చెప్పక్కర్లేదు, చలికి అవి అసలే పట్టేస్తాయి. వెచ్చని ఊళ్ళో అయితే నూలు బట్టలు, చెప్పులు వేసుకుని గుమ్మం దాటొచ్చు. మనకు కావలసిన స్వేచ్ఛ అదే అనుకుంటాను.

పెనాంగ్ ఎందుకన్నదానికి నాకు నాలుగు కారణాలున్నాయి. 2023 డిసెంబర్ నుంచి మనవాళ్ళకు మలేషియాలో 30 రోజుల దాకా వీసా అక్కర్లేదు, ఆ సదుపాయం 2026 చివరిదాకా పొడిగించారు (టికెట్ కొనేముందు ఇది మళ్ళీ ఒకసారి చూసుకోండి, దేశాల నియమాలు మారుతుంటాయి). హైదరాబాద్ నుంచి కౌలాలంపూర్‌కు నేరుగా నాలుగు గంటల ప్రయాణం, అక్కడి నుంచి పెనాంగ్‌కు ఇంకో గంట. మూడోది నాకు ముఖ్యమైనది: మలయ్ భాషను ఇంగ్లీషు అక్షరాల్లోనే రాస్తారు, కాబట్టి బస్సు మీద పేరు, దుకాణం బోర్డు మీరు చదువుకోగలరు. థాయిలాండ్‌లో చియాంగ్ మై చాలా బాగుంటుందని, చవక అని అంటారు, నిజమే, కానీ అక్షరం పట్టుకోలేం, పైగా ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా అక్కడ పొలాలూ అడవులూ కాల్చిన పొగ కమ్మేస్తుంది. నాలుగోది తిండి. జార్జ్‌టౌన్‌లో లిటిల్ ఇండియా అని ఒక పేటే ఉంది. తమిళుల దుకాణాల్లో కందిపప్పు, చింతపండు, పొన్ని బియ్యం, కరివేపాకు అన్నీ దొరుకుతాయి. అక్కడి మారియమ్మన్ గుడి 1833 నాటిది. పాత జార్జ్‌టౌన్‌ను 2008లో యునెస్కో వారసత్వ నగరాల్లో చేర్చింది.

ఇక మీ అసలు ప్రశ్న, రోజంతా ఏం చేస్తాం?

మొదటి ఐదు రోజులు ఏమీ ఆలోచించక్కర్లేదు, చూడాల్సినవి చూస్తారు. రైలు పెట్టెలో కూర్చుని పెనాంగ్ కొండ ఎక్కుతారు (ఆ కొండ రైలు 1923 నుంచి ఉంది), కెక్ లోక్ సి బౌద్ధాలయం చూస్తారు, గోడల మీది బొమ్మల దగ్గర ఫొటోలు దిగుతారు. ఆరో రోజు పొద్దున లేస్తే చూడాల్సింది ఏమీ మిగలదు. మా ఇంటావిడ ఆ రోజు మంచం మీదే కూర్చుని "ఇగ ఈడేమున్నది, ఇంటికి పోదాం పా" అన్నది. ఆమె తప్పేం లేదు. మన పాలమూరు, నల్లగొండ మనుషులు ఊరు విడిచారంటే పని కోసమే విడిచారు. ముంబై పోయినా, దుబాయి పోయినా కూలికో కొలువుకో పోయారు. ఏ పనీ లేకుండా పరాయి ఊళ్ళో ఊరికే ఉండడం మన ఇళ్ళలో ఎవరూ చూడలేదు, చేయలేదు. అందుకే మొదటి వారం ఏదో తప్పు చేస్తున్నట్టు, డబ్బు దండగ చేస్తున్నట్టు లోపల పీకుతూ ఉంటుంది. నాకూ పీకింది. చెన్నైలో బిల్డింగ్ పనికి పోయిన మా ఊరి పిల్లవాడు గుర్తొచ్చి ఒక రాత్రి నిద్ర పట్టలేదు. ఆ భావన నిజమైనదే, దాన్ని కొట్టిపారేయమని చెప్పను. కానీ మీరు 35 ఏళ్ళు పనిచేసి సంపాదించుకున్న తీరిక కూడా అంతే నిజం.

ఆ ఆరో రోజు నుంచి మేం చేసింది ఏంటంటే, రోజుకు ఒక వరస పెట్టుకున్నాం. అదే మమ్మల్ని నిలబెట్టింది.

నల్లగొండలో ఐదింటికి లేచి ఎన్‌జీ కాలేజీ గ్రౌండ్‌లో నడవడం నాకు అలవాటు. పెనాంగ్‌లో మనకంటే రెండున్నర గంటలు ముందు, కానీ జనవరిలో ఏడున్నర కావస్తేగాని తెల్లారదు. ఆరున్నరకు చీకట్లోనే కిందికి దిగితే సందు మలుపులో చైనావాళ్ళ కాఫీ దుకాణం తెరిచి ఉండేది, వాటిని అక్కడ కోపిటియామ్ అంటారు. గుండ్రటి రాతి బల్లలు, చెక్క కుర్చీలు, ఒక మూల బొగ్గుల మీద రొట్టె కాల్చే ముసలాయన. నాకు షుగర్ ఉంది, కాబట్టి మొదటిరోజే ఒక మాట నేర్చుకున్నాను, మీరూ నేర్చుకోండి: "కోపి ఓ కోసొంగ్." పాలూ చక్కెరా లేని కాఫీ అని అర్థం. కోసొంగ్ అంటే సున్నా. టీ అయితే "తే ఓ కోసొంగ్". ఈ మాట అనకపోతే చిక్కటి తియ్యటి డబ్బా పాలు పోసి ఇస్తారు, షుగర్ ఉన్నవాళ్ళకు అది పనికిరాదు. అక్కడ అందరూ మెచ్చుకునే "తే తారిక్" కూడా ఆ పాలతోనే, నెలకు ఒకసారి చాలు.

రోజూ అదే సమయానికి, అదే బల్ల దగ్గర కూర్చున్నాను. తొమ్మిదో రోజు నేను నోరు తెరవకముందే ఆ ముసలాయన కొడుకు "అంకుల్, కోసొంగ్" అంటూ కప్పు తెచ్చి పెట్టాడు. కప్పు పెట్టి, సాసర్‌లోకి ఒలికిన కాఫీని భుజం మీది గుడ్డతో తుడిచి, చెంచా తీసేశాడు, ఎందుకంటే కలపడానికి చక్కెర లేదు కదా. ఆ చెంచా తీసేయడం ఉందే, అది చూసి నా మనసు నిండిపోయింది సార్. భాష రాని ఊళ్ళో, మూడువేల కిలోమీటర్ల దూరంలో, ఒక మనిషి నన్ను గుర్తుపెట్టుకున్నాడు. పైకి ఎక్కి మా ఇంటావిడకు చెప్పాను. ఆమె ఇంకో సంగతి చెప్పింది, ఆకుకూరలమ్మే ఆమె ముందురోజు గుప్పెడు పచ్చిమిరపకాయలు కొసరు వేసిందని. కొసరు వేశారంటే ఇక మనం ఆ అంగడికి పరాయివాళ్ళం కాదు.

ఆ మార్కెట్ గురించి కొంచెం చెప్పనివ్వండి. పెనాంగ్ రోడ్డులో ఉన్న ఆ పాత మార్కెట్ పేరు చౌరస్తా. మన చౌరస్తానే, అదే మాట! బస్సులో ఆ పేరు విని మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. కింద కూరగాయలు, చేపలు, జాజికాయ పండుతో చేసిన ఊరగాయలు. పైన పాత పుస్తకాల దుకాణాలు. ఆమె కింద, నేను పైన, గంట తర్వాత మెట్ల దగ్గర కలుసుకునేవాళ్ళం.

కూరగాయల పేర్లు అడుగుతూ పోతే నాకు పండగే అయ్యింది. బెండకాయను "బెండి" అంటారు. మునగను "మెరుంగ్గై" అంటారు. ఇవి మన వైపు నుంచి వెళ్ళిన మాటలే. ఇక సంస్కృతం నుంచి వెళ్ళినవి లెక్కలేనన్ని: భాషను "బహస" అంటారు, పేరు "నామ", రంగు "వర్న", మొదటిది "పెర్తామ", భర్త "సుఆమి", భార్య "ఇస్తెరి". టీచర్‌ను "గురు" అనే అంటారు, పిలిచేటప్పుడు గౌరవంగా "చెగ్గు" అంటారు. నేను బడిపంతులునని తెలిశాక మా బిల్డింగ్ కాపలా ఆయన నెలంతా నన్ను చెగ్గు అనే పిలిచాడు. రిటైరయ్యాక మన ఊళ్ళోనే సారూ అనేవాళ్ళు తగ్గిపోతారు, అక్కడ ఆ పిలుపు వినడం నాకు ఎంత బాగుండేదో. ఒక్క జాగ్రత్త, అక్కడ కపితాన్ కెలింగ్ అని పేరున్న పాత మసీదు ఉంది, కెలింగ్ అన్నది కళింగ నుంచి వచ్చిన మాట అంటారు. మసీదు పేరుగా తప్ప ఆ మాటను మనుషుల మీద వాడకండి, ఇప్పుడు అక్కడి భారతీయులు దాన్ని తిట్టుగా తీసుకుంటారు.

మార్కెట్ నుంచి వచ్చాక వంట, బట్టలు, ఒక కునుకు. పన్నెండు నుంచి నాలుగు దాకా బయటికి పోవద్దు. ఎండ 32, 33 డిగ్రీలే, మనకు లెక్కలోది కాదు, కానీ గాలిలో తేమ ఎంతంటే చొక్కా ఒంటికి అంటుకుపోతుంది, మన పొడి ఎండకు అలవాటుపడిన ఒళ్ళు త్వరగా అలసిపోతుంది. నీళ్ళు మరిగించుకుని బాటిల్‌లో పోసుకుని తిరగండి. నాలుగు తర్వాత బస్సెక్కి ఎక్కడికో ఒకచోటికి. 101 నంబర్ బస్సు సముద్రం పక్కనే బటు ఫెరింగి దాకా పోతుంది, 204 పెనాంగ్ కొండ కిందికి పోతుంది. ఏసీ బస్సులు, ముందు సీట్లు పెద్దవాళ్ళకు వదిలేస్తారు. చిల్లర సరిగ్గా పట్టుకుని ఎక్కండి, డ్రైవర్ తిరిగి ఇవ్వడు. మాకు అన్నిటికంటే నచ్చింది 1884లో పెట్టిన బొటానిక్ గార్డెన్స్, లోపలికి పోవడానికి టికెట్ లేదు. గేటు దగ్గరే నాగలింగం చెట్లున్నాయి. కాండానికే తీగల్లా వేలాడే కొమ్మలు, వాటికి ఎర్రటి పూలు, ఒక్కో పువ్వులో శివలింగం మీద పడగ పట్టినట్టుగా. మా ఇంటావిడ కింద రాలిన ఒక పువ్వు ఏరుకుని కొంగులో పెట్టుకుని వచ్చి, గదిలో ఆమె తెచ్చుకున్న చిన్న దేవుడి పటం ముందు పెట్టింది. అక్కడ కోతులు ఎక్కువ, చేతిలో తినేది పెట్టుకుని నడవకండి.

2024లో జనవరి 25న తైపూసం వచ్చింది, అది తమిళుల మురుగన్ పండగ. రథం వెంట అర్ధరాత్రి దాకా జనం, రోడ్ల మీద గుట్టలు గుట్టలుగా కొబ్బరికాయలు కొట్టడం, కొండ మీది మురుగన్ గుడికి 513 మెట్లు. దారి పొడవునా పందిళ్ళు వేసి మజ్జిగ, అన్నం పెడుతున్నారు, తమిళులు తణ్ణీర్ పందల్ అంటున్నారు, అంటే మన చలివేంద్రమే. నేను 200 మెట్లు ఎక్కి ఆగిపోయాను, ఆమె మొత్తం ఎక్కింది. అక్కడే ఒక పందిట్లో తెలుగు మాట వినిపించి తిరిగి చూస్తే, పెరాక్ రాష్ట్రంలోని బగన్ దాతుక్ వైపు కొబ్బరి తోటల్లో పుట్టి పెరిగిన పెద్దాయన. తాత శ్రీకాకుళం వైపు నుంచి తెల్లవాళ్ళ కాలంలో కూలికి వచ్చాడట. ఆయన తెలుగులో మలయ్, తమిళం కలిసిపోయాయి, అయినా "అన్నం తిన్నావా అయ్యా" అన్నప్పుడు మాత్రం ఆ పలుకు శుద్ధంగా పాత తెలుగే. నా మాట విని "మీ తెలుగు వేరేగా ఉందే" అన్నాడు. అరగంట మాట్లాడుకున్నాం. పోయేముందు నా చేయి పట్టుకుని వదల్లేదు.

ఇక డబ్బు సంగతి. 2024లో మాకైన ఖర్చు ఇది, ఇద్దరికీ కలిపి. విమాన టికెట్లు రానూపోనూ 52 వేలు. ఇంటి అద్దె నెలకు 2,300 రింగిట్లు, అప్పుడు రింగిట్ 18 రూపాయల లోపే, అంటే 41 వేలు. తిండి, బస్సులు, అప్పుడప్పుడూ ట్యాక్సీ కలిపి 32 వేలు. ఇన్సూరెన్స్ 5 వేలు, చిల్లర మల్లర ఇంకో 12 వేలు. మొత్తం లక్షా 42 వేలు. 2025లో రింగిట్ 19 దాటింది, అద్దెలూ కొంచెం పెరిగాయి, లక్షా 60 దాకా అయ్యింది. రోజుకు ఒక పూటైనా ఇంట్లో వండుకుంటేనే ఈ లెక్క. మూడు పూటలా బయటే తింటే డబ్బుకంటే ముందు కడుపు ఊరుకోదు. అక్కడే స్థిరపడే పథకం గురించి ఎవరైనా చెప్తే, ఎంఎం2హెచ్ అంటారు దాన్ని, అందులో సిల్వర్ అనే మెట్టుకే లక్షన్నర డాలర్ల డిపాజిట్ అడుగుతారు. మనకు అది వద్దు, నెల చాలు.

ఇల్లు ఫొటో చూసి తీసుకోవద్దు, మ్యాప్ చూసి తీసుకోండి. మొదటిసారి మేం మోసపోయింది ఇక్కడే. సముద్రం కనిపించే బాల్కనీ, ఈత కొలను, బొమ్మలు చూసి మురిసిపోయి నెలకు డబ్బు కట్టేశాం. తీరా పోయి చూస్తే కొండ వాలు మీద బిల్డింగ్, బస్టాపుకు ఇరవై నిమిషాల దిగుడు, వచ్చేటప్పుడు అంతా ఎక్కుడు. మోకాళ్ళు మొరాయించాయి. మూడు రోజులకే ఖాళీ చేశాం, ఓనర్ సగం కూడా తిరిగి ఇవ్వలేదు. తర్వాత తీసుకున్న ఇంట్లో సముద్రం లేదు, ఏమీ లేదు, కానీ కింద కాఫీ దుకాణం, మూడు వందల అడుగుల్లో బస్టాపు. మేం హాయిగా ఉన్నది ఆ ఇంట్లోనే. కాబట్టి బస్టాపు ఎంత దూరం, దారి చదునుగా ఉందా, లిఫ్ట్ ఉందా, వంటకు పొయ్యి ఏది (అక్కడి అద్దె ఇళ్ళలో చాలాచోట్ల కరెంటు పొయ్యిలే, ఇండక్షన్ పొయ్యి అయితే మన మామూలు అల్యూమినియం కుక్కర్ దానిమీద పనిచేయదు), ఆ బిల్డింగ్‌లో తక్కువ రోజుల అద్దెకు అనుమతి ఉందా, ఇవి రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. కొన్ని అపార్ట్‌మెంట్లలో దానికి ఒప్పుకోరు, గేటు దగ్గర ఆపేస్తారు.

ఆరోగ్యం విషయం తేలిగ్గా తీసుకోకండి. మన ఈహెచ్ఎస్ (ఉద్యోగుల, పెన్షనర్ల ఆరోగ్య పథకం) కార్డు దేశం దాటితే పనికిరాదు. ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు బీపీ, షుగర్ ఉన్నాయని దాచకుండా రాయండి. ముందునుంచి ఉన్న జబ్బులకు చాలా పాలసీలు ప్రాణాపాయం వస్తే తప్ప ఇవ్వవు, ఆ పేజీ కూర్చుని చదవండి. మందులు నెలకు సరిపడా కాదు, 40 రోజులకు తీసుకోండి, చేతి సంచిలోనే పెట్టుకోండి, డాక్టర్ చీటీలో కంపెనీ పేరుతో పాటు మందు అసలు పేరు కూడా ఇంగ్లీషులో రాయించుకోండి. స్టెంట్ వేయించుకుని, ఆపరేషన్ చేయించుకుని ఏడాది కాకపోతే ఈ ఏడు ఆగండి, డాక్టర్ సరే అంటేనే వెళ్ళండి.

అక్కడ పెద్దవాళ్ళకు అన్నిటికంటే ప్రమాదం రోగం కాదు, కాలిబాట. పాత ఊళ్ళో దుకాణాల ముందు కప్పున్న వరండాలే దారి, ఐదడుగుల దారి అని పేరు. నీడ ఉంటుంది, చాలా బాగుంటుంది, కానీ ఒక్కో దుకాణం ముందు ఒక్కో ఎత్తు. ఒకచోట మెట్టు, ఒకచోట పల్లం, పక్కనే మూత లేని మురికి కాలువ, మధ్యలో మోటార్ సైకిళ్ళు. రెండోసారి పోయినప్పుడు వాన పడ్డ సాయంత్రం మా ఇంటావిడ నున్నటి టైల్స్ మీద జారి మడమ బెణికింది. క్లినిక్‌లో చూపిస్తే ఎముకకు ఏం కాలేదన్నారు, కట్టు కట్టి నాలుగు రోజులు కదలొద్దన్నారు. ఆ నాలుగు రోజులూ వంట నేనే చేశాను. ఆకుకూరలామె అడిగి అడిగి, సైగలతో విషయం తెలుసుకుని, నిమ్మగడ్డి కట్ట ఒకటి చేతిలో పెట్టి, మరిగించి కాపడం పెట్టమని తన కాలు పట్టుకుని చూపించింది. డబ్బు తీసుకోలేదు. వెనక పట్టీ ఉన్న, అడుగు గరుకుగా ఉండే చెప్పులు ఇక్కడి నుంచే కొనుక్కుని పోండి.

తిండిలో శాకాహారులకు ఒక హెచ్చరిక. మేం మాంసం తింటాం కాబట్టి ఇబ్బంది పడలేదు, కానీ అక్కడ ఆకుకూర అంటే ఆకుకూర ఒక్కటే కాదు. కంగ్కుంగ్ అని వేపుడు పెడతారు, అది మన చెరువుల్లో పెరిగే తూటికూరే, దాంట్లో బెలాచాన్ అని ఎండురొయ్యల ముద్ద వేస్తారు. పూర్తిగా శాకాహారమైతే లిటిల్ ఇండియా హోటళ్ళలో, చైనావాళ్ళ శాకాహార దుకాణాల్లో తినండి. ఇంటి నుంచి జొన్నపిండి రెండు కిలోలు, కారం, మామిడి తొక్కు (గట్టి డబ్బాలో, పైన రెండు కవర్లు చుట్టి, పెద్ద పెట్టెలో) చాలు. పచ్చి మాంసం, మొక్కలు, విత్తనాలు వద్దు. పదో రోజు నాలుక మొద్దుబారినప్పుడు వేడి జొన్న రొట్టె, పచ్చిపులుసు పడితే మళ్ళీ ప్రాణం లేచొస్తుంది.

కాగితాల పని గబగబా చెప్తాను. అక్కడ దిగే రోజుకు ముందు మూడు రోజుల్లోపు మలేషియా డిజిటల్ అరైవల్ కార్డు ఆన్‌లైన్‌లో నింపాలి, దానికి రుసుము లేదు, డబ్బు అడిగే వెబ్‌సైట్ల జోలికి పోవద్దు. తిరుగు టికెట్, ఇంటి అడ్రస్ ప్రింటు తీసి పెట్టుకోండి. 30 రోజులు అంటే దిగిన రోజు కూడా లెక్కేసుకుని 28, 29కే టికెట్ చేసుకోండి. బ్యాంకులో కార్డుకు విదేశీ వాడకం ఆన్ చేయించండి, మన సిమ్‌కు రోమింగ్ పెట్టించండి, లేకపోతే ఓటీపీ రాక పెద్ద టెన్షన్. లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చాకే బయల్దేరండి. అక్కడి ప్లగ్గులు మూడు చదునైన పిన్నులవి, ఒక అడాప్టర్ కొనండి.

చివరగా మీ ఆవిడ గురించి, ఎందుకంటే మీ ప్రశ్నలో ఆమెకు ఇష్టమో కాదో రాయలేదు. ఆమెకు మనసు లేకపోతే వద్దు. ఇష్టమైతే, ఒక ఒప్పందం చేసుకుని పోండి. అక్కడ కూడా మూడు పూటలా ఆమే వండి, ఆమే గిన్నెలు తోమితే, ఆమెకు ఊరు మారింది గాని పని మారలేదు. మేం పొద్దున టిఫిన్ బయట, మధ్యాహ్నం ఆమె వంట, రాత్రి పండ్లో రొట్టెలో నేను చూసుకోవడం, గిన్నెలు నావి అని పెట్టుకున్నాం. పెళ్ళయిన 38 ఏళ్ళకు మొదటిసారి ఆమె పగటిపూట కుర్చీలో కాళ్ళు చాపుకుని కూర్చుని, వాన చూస్తూ, గంటసేపు ఏమీ చేయకుండా ఉండడం చూశాను. లేపబోయి ఆగాను.

నెల ఎంచుకోవడంలో తొందరపడకండి. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా వానలు తక్కువ, సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో బాగా పడతాయి. చైనావాళ్ళ కొత్త సంవత్సరం జనవరి చివరలోనో ఫిబ్రవరిలోనో వస్తుంది, ఆ నాలుగైదు రోజులు చిన్న దుకాణాలు మూసేస్తారు, 2025లో మా కాఫీ దుకాణం కూడా మూశారు, సరుకులు ముందే తెచ్చుకోవాలి. మీరిద్దరూ కూర్చుని మాట్లాడుకుని, ఏ నెల కుదురుతుందో, మోకాళ్ళు ఎట్లా ఉన్నాయో, వంటకు ఏ పొయ్యి అలవాటో కింద రాయండి. ఏ పేటలో ఇల్లు వెతకాలో దాన్నిబట్టి చెప్తాను.